తొమ్మిది రకాల సరే

జిల్లా ప్రజా వసతుల నిర్మాణ శాఖవారు కట్టిన బస్సు షెల్టరు ఒకటి రోడ్డుకు వీపు పెట్టి నిలబడింది. అందులో కూర్చున్నవాళ్ళకి ఎదురుగా వరిచేలు, వాటి వెనక కొబ్బరితోటలు, చల్లటి గాలి, అన్నీ అమరి ఉంటాయి. బస్సు ఒక్కటే కనబడదు. హారన్ విని లేచి, సంచులు తీసుకుని, గోడ చుట్టూ తిరిగి వచ్చేసరికి బస్సు వెనక రాసిన అక్షరాలు కనబడతాయి. జనం ఆరు నెలలు ఓర్చుకున్నారు. ఏడో నెలలో ఎవరో ఆ షెల్టరు ఫొటో తీసి పేపరుకి పంపారు. దాంతో పైనుంచి విచారణ దిగింది.

షెల్టరు ప్లాను మీద పదకొండు సంతకాలున్నాయి. పదకొండింటి పక్కనా "అంగీకరించడమైనది" అనే ఉంది. విచారణకి వచ్చినాయన ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. ఒకాయన తాను ఒప్పుకున్నమాట నిజమే గాని మరీ అంత గట్టిగా ఒప్పుకోలేదన్నాడు. ఒకాయన తన పైవాడి సంతకం చూసి ఒప్పుకున్నానన్నాడు. ఆ పైవాడేమో కిందివాడి సంతకం చూసి ఒప్పుకున్నానన్నాడు. ఇంకొకాయనకి ఆరోజు తలనొప్పిట, కాదనడానికి ఓపిక చాల్లేదుట. మొత్తం మీద తేలిందేమిటంటే, ఆ షెల్టరుకి పదకొండుమంది ఒప్పుకున్నారు గాని వాళ్ళలో ఒక్కరికీ అది ఇష్టం లేదు.

ఈ సంగతి, ఆఫీసులో అందరూ పీడీగారనే ప్రాజెక్టు డైరెక్టరు వక్కలంక సుందరశివరావుగారిని చాలా బాధపెట్టింది. షెల్టరు అటు తిరిగిందని కాదు ఆయన బాధ. తన ఆఫీసులో ఇంతమంది ఇన్నిరకాలుగా ఒప్పుకుంటూ, అందరూ ఒకే మాట రాస్తున్నారే అని. ఆయన ఇంగ్లీషు ఎమ్మే. చదువుకునే రోజుల్లో వ్యాసరచన పోటీలో బహుమతిగా వచ్చిన ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ ఆయన బల్లమీదే, దేవుడి పటం పక్కన ఉంటుంది. మూడు రోజులు తలుపు వేసుకుని దానితో గడిపి, నాలుగో రోజున సర్క్యులరు వదిలారు.

"అంగీకారము అను ఒక్క మాట క్రింద పలు మనోస్థితులు తలదాచుకొనుచున్నట్లు విచారణలో వెల్లడైనందున, ఇకమీదట ప్రతి అధికారియు తాను ఏ మేరకు, ఏ మనస్సుతో, ఏ పరిస్థితులలో అంగీకరించుచున్నదీ దిగువ ఉదహరించిన తొమ్మిది ఆంగ్ల పదములలో ఒకదానితో నిర్దిష్టముగా తెలియపరచవలెను. తెలుగున ఇందుకు తగిన ఏర్పాటు లేదు. సరే అను ఒకేమాటను మనవారు తొమ్మిది విధములుగా పలుకుదురు. ఆంగ్లేయులు తొమ్మిది మాటలను ఒకే విధముగా పలుకుదురు. పరిపాలనకు రెండవ పద్ధతియే శ్రేయస్కరము."

సర్క్యులరు కింద తొమ్మిది మాటలూ వరసగా ఉన్నాయి. అగ్రీతో మొదలై, మనసారా ఒప్పుకోవడం నుంచి మెట్టుమెట్టుగా దిగుతూ, చిట్టచివర యాక్వియెస్ దగ్గర ఆగాయి. ఆ ఆఖరిమాట అంటే ఇష్టం లేకపోయినా నోరు మూసుకుని ఊరుకోవడంట. దాన్ని సరిగ్గా పలికినవాడు ఆఫీసులో ఎవడూ లేడు. నోరు తెరవకుండా ఒప్పుకోవడమే కదా, పలక్కపోతే ఏం అని సరిపెట్టుకున్నారు.

ఆ ఆఫీసులో మట్టపర్తి అమ్మాజీ సీనియర్ అసిస్టెంటు. ఇరవయ్యేళ్ళ సర్వీసు. ఫైలు ఏ బీరువాలో ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. టీ చల్లారకముందే తాగుతుంది, మాట చల్లారాక అంటుంది. ఆవిడ కాపురం ఊరికి ఆనుకుని ఉన్న అవతలిపేటలో. ఊరికీ పేటకీ మధ్య పంటకాలవ ఉంది. దాటడానికి రెండు తాటిదుంగలు పక్కపక్కన వేసి ఉంటాయి. దుంగలు వద్దనుకుంటే లాకుల దగ్గర వంతెన ఉంది, కాకపోతే నాలుగు కిలోమీటర్లు చుట్టు. పేటలో డెబ్భై గడపలు. కిందటి వానాకాలం నొప్పులు పడుతున్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మగాళ్ళు ఆ దుంగల మీద మోసుకొచ్చారు. తల్లీబిడ్డా క్షేమంగానే ఉన్నారు. మోసిన నలుగురిలో ఇద్దరు మాత్రం వారం రోజులు జ్వరం పడ్డారు.

ఆ కాలవమీద కాలిబాట వంతెన కావాలని పేటవాళ్ళు పదకొండేళ్ళుగా అడుగుతున్నారు. ఎవర్ని అడగాలి అంటే అమ్మాజీనే. "నువ్వు ఆ ఆపీసులోనే కదమ్మా కూచునేది" అని దుంగ దాటినప్పుడల్లా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అమ్మాజీకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలేది. ఆవిడ పట్టువదలకుండా తిరగ్గా తిరగ్గా, ఈ ఏడాదికి వంతెన వార్షిక ప్రణాళికలోకి ఎక్కింది. డ్రాయింగు అయింది, టెండరు అయింది, వీరభద్రం మేస్త్రీకి పని ఖాయమైంది. ఇక పని మొదలుపెట్టడానికి పదకొండుమంది సరేననడం ఒక్కటే మిగిలింది.

ఆ సరే కూడా నిదానంగా అనడానికి లేదు. డెల్టాలో కాలవలు ఏప్రిల్ పదికి కట్టేస్తారు, జూన్ ఒకటికి మళ్ళీ నీళ్ళు వదులుతారు. కాలవలో పునాది తియ్యాలంటే ఆ యాభై రోజులే. అవి దాటితే మళ్ళీ ఏడాదే. అప్పటికి టెండరు గడువు తీరిపోతుంది, అంటే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. ఏప్రిల్ పదిన కాలవ కట్టారు. పదకొండున అమ్మాజీ ఫైలు పెట్టింది. పన్నెండున సర్క్యులరు వచ్చింది.

మొదట్లో అందరూ సరదాపడ్డారు. రాజమండ్రి నుంచి రిటైరయిన ఇంగ్లీషు లెక్చరరుగారిని పిలిపించి రెండు రోజులు శిక్షణ పెట్టారు. ఆయన బోర్డు మీద మెట్లు గీసి, ఒక్కో మెట్టు మీదా ఒక్కో మాట నిలబెట్టి, దేనికెంత ఇష్టం ఉండాలో చెప్పారు. కంప్లై అనేది కిందివాడు పైవాడికి అనాలిట. యాక్సీడ్ అంటే పైవాడు కిందివాడు బతిమాలాక అనాలిట. అసెంట్ అంటే తల ఊపాలిట. మనవాళ్ళు తల అడ్డంగా ఊపుతారా నిలువుగా ఊపుతారా అన్నది తేలక రెండో రోజు మధ్యాహ్నం దానికే సరిపోయింది. చివరికి తల ఊపేటప్పుడు ఇద్దరు సాక్షులుండాలని తీర్మానించారు.

శిక్షణ అయ్యాక అసలు కష్టం తెలిసింది. పైమెట్టు మీది మాట రాస్తే, రేపు ఆ పని చెడితే "నువ్వు మనసారా ఒప్పుకున్నావు కదా" అని పీక పట్టుకుంటారు. కిందిమెట్టు మాట రాస్తే, "ఇష్టం లేకుండా ఎందుకు సంతకం పెట్టావు, నిన్ను ఒత్తిడి చేసిందెవరు" అని మెమో వస్తుంది. మధ్యలో ఉన్న మాటలకి ఒక్కోదానికి ఒక్కో షరతు. దాంతో అంతకుముందు అరనిమిషంలో అయిపోయే సంతకం దగ్గర మనుషులు పెన్ను పట్టుకుని పంచాంగం చూస్తున్నవాళ్ళలా కూర్చునేవారు.

సూపరింటెండెంటు కామేశంగారు చీమకి కూడా దారిచ్చే మనిషి. ఆయన అన్నీ చూసుకుని రెలెంట్ అనే మాట ఎంచుకున్నారు. అటూ ఇటూ కాకుండా మర్యాదగా ఉందని. ఫైలు వెంటనే వెనక్కి వచ్చింది. రెలెంట్ అంటే ముందు కఠినంగా ఉండి తరవాత మెత్తబడటం కాబట్టి, ముందు కఠినంగా ఉన్నట్టు ఆధారం జతపరచవలసిందని. కామేశంగారు మూడు రోజులు కఠినంగా ఉండటానికి ప్రయత్నించారు. మొదటి రోజు అమ్మాజీని పిలిచి కనుబొమలు ముడిచి, "వంతెనా లేదు గింతెనా లేదు" అన్నారు. అని, ఆవిడ ముఖం చూసి, ఏమీ అనుకోకమ్మా, కాఫీ తాగుతావా అని అడిగారు. రెండో రోజూ అంతే, కాకపోతే కాఫీతోపాటు పకోడీ. మూడో రోజుకి ఆయనకి రక్తపోటు వచ్చి డాక్టరు సెలవు రాశాడు.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు దంతులూరి ప్రసాదవర్మగారు తెలివైనవారు. ఒంటరిగా ఒప్పుకుంటే ప్రమాదమని, పక్క డివిజన్ ఇంజనీరుతో కలిసి కంకర్ అన్నారు. ఇద్దరు సమానులు ఒకే అభిప్రాయానికి రావడాన్ని అలా అంటారు. అయితే ఇద్దరిదీ ఒకే అభిప్రాయమని ఎలా తెలుస్తుంది? అందుకని ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, వంతెన ఎందుకు కట్టాలో చెరో కాగితం మీద రాయించారు. వర్మగారు "ప్రజా సౌకర్యార్థము" అని రాశారు. రెండో ఆయన "ఎవరో అడిగారని" రాశారు. కంకర్ కొట్టేశారు. ఇద్దరికీ అప్పటినుంచి మాటలు లేవు.

పీడీగారు వీటన్నిటికీ చలించలేదు. ఇబ్బందులు రావడమే పథకం పనిచేస్తోందనడానికి గుర్తు అన్నారు. అంగీకార నిర్ధారణ విభాగం అని ఒకటి కొత్తగా పెట్టి, రికార్డు గదిలో బల్ల, నిలువుటద్దం వేయించారు. సంతకం పెట్టే మనిషి ముందు ఆ అద్దంలో తన ముఖం చూసుకోవాలి, తాను రాసిన మాటకి ముఖం సరిపోతోందని విభాగంవారు ధ్రువీకరించాలి. అగ్రీ అని రాసి దిగాలుగా కనబడిన ఒక డ్రాఫ్ట్స్‌మన్ని ఇంటికి పంపి, మర్నాడు ఉల్లాసంగా రమ్మన్నారు. టీ తెమ్మంటే అటెండరు నూకాలు, ఇది కంప్లైయా యాక్సీడా చెబితే గాని కదలనని కుర్చీ వేసుకు కూర్చుంది. ఈ సర్క్యులరు వల్ల సుఖపడిన మనిషి ఆఫీసులో నూకాలు ఒక్కర్తే.

ఇలా ఏప్రిల్ కరిగిపోతోంది. వీరభద్రం మేస్త్రీ కాలవగట్టు మీద ఇసక, కంకర, ఇనుము దింపించి, రోజూ పొద్దున్నే ఆఫీసు మెట్ల దగ్గరికి వచ్చి నిలబడేవాడు. ఎండిపోయిన కాలవ, ఎదురుచూసే మేస్త్రీ, ఊగిసలాడే పదకొండు పెన్నులు, ఇవి మూడూ అమ్మాజీ కళ్ళముందు తిరుగుతుండేవి. ఇంటికి వెళ్తే పేటవాళ్ళు ఏమైందని అడిగేవారు. ఆలోచిస్తున్నారని చెప్పేది. వంతెన గురించా అంటే, కాదు, ఎలా ఒప్పుకోవాలో అని చెప్పడానికి ఆవిడకి సిగ్గువేసేది. ఇరవయ్యేళ్ళుగా ఆ ఆఫీసు అన్నం తింటోంది. దాన్ని ఎవరైనా వేళాకోళం చేస్తే ఆవిడకి నచ్చదు, తను చేసుకుంటే తప్ప.

ఏప్రిల్ ఆఖరి రోజున ఆవిడ ధైర్యం చేసి పీడీగారి గదిలోకి వెళ్ళింది. సార్, నీళ్ళొచ్చే రోజు దగ్గర పడుతోంది, ఈ ఒక్క ఫైలుకి పాతపద్ధతిలో సంతకాలు పెట్టిస్తే పేట బతికిపోతుంది అని నెమ్మదిగా చెప్పింది. ఆయన ఆవిడ చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. వినడంలో ఆయనకి వంక పెట్టడానికి లేదు.

"చూడమ్మా," అన్నారు, "వంతెన లేకపోతే జనం లాకుల మీదుగా వెళ్తారు. కాని అస్పష్టమైన అంగీకారంతో వంతెన కడితే, ఆ వంతెన మీద నడిచే ప్రతివాడూ అస్పష్టతలో నడుస్తున్నట్టే కదా."

అమ్మాజీ చిత్తం అని బయటికి వచ్చింది. వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఏడుపు వచ్చేలా ఉంది. ఆఫీసులో ఎప్పుడూ ఏడవలేదు గనక, ఎలా మొదలుపెట్టాలో తెలియక ఊరుకుంది. తరవాత, మే మొదటివారం రాబోతోంది కదా అని, ఏటా పెట్టే ఫైలు ఒకటి తీసి ముందు వేసుకుంది.

ఆ ఫైలు పేరు మొదలుపెట్టని పనుల ఫైలు. ప్రణాళికలో ఎక్కిన పని ఏదైనా మే అయిదు లోపు మొదలు కాకపోతే, మొదలుపెట్టకుండా ఉండటానికి అనుమతి తీసుకోవాలని ఎప్పటిదో ఒక పాత ఉత్తర్వు ఉంది. ఆఫీసు మొత్తంలో ఇంతకన్నా చురుగ్గా నడిచే ఫైలు ఇంకోటి లేదు. పొద్దున పదింటికి బయల్దేరితే పదకొండున్నరకల్లా పదకొండు సంతకాలతో తిరిగొచ్చేస్తుంది. పని చెయ్యకపోవడానికి ఎవరికీ ఎప్పుడూ అభ్యంతరం ఉండేది కాదు. అందుకని ఆ పాత ఉత్తర్వుని పూర్తిగా చదవాల్సిన అవసరం కూడా ఎవరికీ పడలేదు.

ఆరోజు మనసు బాగోక, చేతికి పనేదైనా ఉంటే మంచిదని అమ్మాజీ దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. రెండో పేజీ అడుగున, నకలు కాగితం సిరా సగం వెలిసిపోయిన చోట, ఒక వాక్యం ఉంది. "అట్టి అనుమతి గడువులోగా లభింపని యెడల, సదరు పనిని మరునాటి నుండి ప్రారంభింపవలెను. ఆ మేరకు సంబంధిత సెక్షనువారే గుత్తేదారునకు తెలియపరచవలెను. ఇందుకు వేరుగా అనుమతి అక్కరలేదు." అమ్మాజీ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. తరవాత కళ్ళద్దాలు తుడుచుకుని నాలుగోసారి చదివింది. చదివాక నూకాల్ని పిలిచి, ఏ మాటా అడక్కుండా ఒక టీ తెచ్చిపెట్టమని బతిమాలింది.

మర్నాడు పొద్దున అవతలిపేట వంతెన మొదలుపెట్టకుండా ఉండటానికి అనుమతి కోరుతూ ఫైలు బయల్దేరింది. అమ్మాజీ దానికి సర్క్యులరు నకలు, తొమ్మిది మాటల జాబితా, అంగీకార నిర్ధారణ విభాగం వారి ఫారం, అన్నీ పద్ధతిగా జతపరిచింది. ఆఫీసులో ఆ సర్క్యులరుని అంత భక్తిగా పాటించిన మనిషి అంతకుముందు లేదు. ఫైలుని నూకాలు చేతికివ్వకుండా తనే పట్టుకుని బల్ల బల్లకీ తిరిగింది.

వర్మగారు ఫైలు చూసి ఊపిరి పీల్చుకున్నారు. అలవాటైన ఫైలు కదా, పెన్ను తీశారు.

"ఇది ఏటా ఉండేదే కదమ్మా."

"ఏటా ఉండేదేనండి. ఈయేడు ఏ మాటతో ఒప్పుకుంటారో కూడా రాయాలటండి."

వర్మగారి పెన్ను ఆగింది. అగ్రీ అని రాస్తే వంతెన కట్టకపోవడం ఆయనకి మనసారా ఇష్టమని కాగితం మీద పడుతుంది. అవతలిపేటలో డెబ్భై గడపల ఓట్లున్నాయి, రేపు ఎవరైనా పెద్దమనిషి వచ్చి ఈ కాగితం ముఖాన కొడితే? పోనీ యాక్వియెస్ అని రాస్తే, వంతెన కట్టాలని మనసులో ఉండి కూడా నోరు మూసుకున్నావేమని మెమో వస్తుంది. ఈసారి కంకర్ అనడానికి పక్క డివిజన్ ఆయనతో మాటల్లేవు. వర్మగారు ఫైలుని అటూ ఇటూ తిప్పి, రెండు రోజులు ఉంచి వెళ్ళమన్నారు. అమ్మాజీ అలాగేనండి అని వినయంగా ఉంచి వచ్చింది.

సెలవు నుంచి తిరిగొచ్చిన కామేశంగారు మళ్ళీ రెలెంట్ అనబోయి, దానికి వంతెన కట్టి తీరాలని తాను ముందు పట్టుబట్టినట్టు ఆధారం కావాలని గుర్తొచ్చి, గుండె పట్టుకుని కూర్చున్నారు. అమ్మాజీ ఆయనకి మంచినీళ్ళిచ్చి, తొందరేం లేదండి, నెమ్మదిగానే ఆలోచించుకోండని ధైర్యం చెప్పింది. ఆవిడ గొంతులో అంత ఓదార్పు ఆయన ఎన్నడూ వినలేదు. మిగతావాళ్ళు అద్దం ముందు నిలబడి వంతెన కట్టకుండా ఉండటానికి తగిన ముఖం ఏదో వెతుక్కున్నారు. ఒక్కరికీ దొరకలేదు.

మే అయిదు సాయంత్రం అయిదింటికి అమ్మాజీ ఫైలుని వెనక్కి తెచ్చుకుంది. పదకొండు గడులూ ఖాళీ. ఆ పాత ఉత్తర్వు నకలు తీసి దాని కింద, "గడువులోగా అనుమతి లభింపలేదు. ఉత్తర్వు ప్రకారం పని ప్రారంభించమని గుత్తేదారునకు తెలియపరచడమైనది. సమాచార నిమిత్తం" అని రాసి పైకి పంపింది. సమాచార నిమిత్తం అని వచ్చిన కాగితానికి ఎవరూ ఒప్పుకోనక్కరలేదు. చూసినట్టు ఒక గీత గీస్తే చాలు. పదకొండుమందీ మూడువారాల తరవాత హాయిగా పెన్ను పట్టుకుని గీతలు గీశారు. దేనిమీద గీశారో చదివిన మనిషి లేడు.

ఆరో తేదీ తెల్లారేసరికి వీరభద్రం మేస్త్రీ ఇరవైమందితో కాలవలోకి దిగాడు. పేటంతా గట్టుమీదికి వచ్చి నిలబడింది. మూడు రోజులు ఎవరూ నోరు విప్పలేదు, మాట్లాడితే ఎక్కడ ఆగిపోతుందోనని. నాలుగో రోజు మేస్త్రీకి మజ్జిగ తెచ్చిచ్చారు, ఆరో రోజు తట్టలు తామే మొయ్యడం మొదలుపెట్టారు.

రెండువారాలకి సంగతి పీడీగారి చెవిన పడింది. రెండు గోడలూ లేచి, వాటిమీద వేసే సిమెంటు పలకలకి చెక్కలు కొడుతున్నారని తెలిసి ఆయన నివ్వెరపోయారు. ఎవరు ఒప్పుకున్నారని అడిగారు. ఎవరూ ఒప్పుకోలేదండి అన్నారు అందరూ ఏకకంఠంతో. ఆ ఆఫీసులో పదకొండుమంది ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారి. వెంటనే పని ఆపమని ఫైలు పెట్టమన్నారు. ఫైలు పెట్టారు. ఆపడానికి ఏ మాటతో ఒప్పుకోవాలన్న దగ్గర అది ఇంకా వర్మగారి బల్లమీద ఉండగానే పలకలు వేసేశారు. జూన్ ఒకటిన కాలవలోకి నీళ్ళొచ్చాయి, వంతెన కిందనుంచి బుద్ధిగా వెళ్ళిపోయాయి.

వంతెన బాగుంది. రెండు గట్లనీ కలిపింది, అటువాళ్ళు ఇటు వచ్చారు, ఇటువాళ్ళు అటు వెళ్ళారు. ఒక వంతెన ఇంతకన్నా చెయ్యగలిగిందేమీ లేదు. ఈసారీ ఎవరో ఫొటో తీసి పేపరుకి పంపారు. పైనుంచి ఉత్తరం వచ్చింది. అందరూ హడలిపోయి విప్పి చూస్తే అది మెచ్చుకోలు. గడువులో పూర్తయిన పని జిల్లా మొత్తానికి ఇదొక్కటే గనక, దీనికి అంగీకారం తెలిపిన అధికారుల పేర్లు ప్రశంసాపత్రాల కోసం పంపవలసిందని.

ఆరోజు మధ్యాహ్నం అంగీకార నిర్ధారణ విభాగం ముందు క్యూ కట్టారు. అద్దంలో అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. వర్మగారు అగ్రీ అన్నారు. పక్క డివిజన్ ఆయన తానూ అగ్రీయే అని, తనది ముందుదని తేదీ చూపించబోయారు. ఇద్దరూ కలిసి కంకర్ అంటే సరిపోతుందని ఎవరో సర్దిచెప్పారు. ప్రజా సౌకర్యార్థమని ఇద్దరూ ఒకేసారి రాశారు, మాటలు కలిశాయి. కామేశంగారు మాత్రం, నేను కఠినంగా ఉన్నమాట నిజమే కదా, కాఫీ ఇచ్చిన సంగతి రాయకండి అని బతిమాలుకుని రెలెంట్ సాధించుకున్నారు. కిందిమెట్టు మాటల జోలికి ఒక్కరూ పోలేదు.

జాబితా పూర్తయ్యాక పీడీగారు వంతెన చూడటానికి స్వయంగా వచ్చారు. వెనకాల పదకొండుమందీ వచ్చారు. ఆయన వంతెన నడిమధ్యన నిలబడి, రెయిలింగు తట్టి చూసి, కింద నీళ్ళని చూసి సంతోషించారు. ఆయన చెడ్డవారు కాదు. మంచి వంతెన చూస్తే మంచి వంతెన అని తెలుసుకోగలరు. అప్పుడే అమ్మాజీ పేట వైపు నుంచి ఆఫీసుకి వస్తోంది.

"అమ్మాజీగారూ, ఫైలంతా నడిపింది మీరు," అన్నారు పీడీగారు జేబులోంచి కాగితం తీసి. "మీ పేరు కూడా చేరుద్దామని నా ఉద్దేశం. మీరు ఏ మాటతో ఒప్పుకున్నట్టు రాయమంటారు?"

"నేనేం ఒప్పుకోలేదండి," అంది. "నన్నెవరూ అడగలేదు కదండీ ఒప్పుకోడానికి. నాకు వంతెన కావాలండి. పదకొండేళ్ళ నుంచీ కావాలండి."

పీడీగారు కాగితంలోని తొమ్మిది మాటల మీదా పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చూసుకున్నారు. మళ్ళీ కిందినుంచి పైకి చూసుకున్నారు. కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు. వెనకాల పదకొండుమందీ మెడలు సాచి చూశారు. కావాలనడానికి ఆ జాబితాలో మాట లేదు.

"దీనికి మన దగ్గర ఏర్పాటు లేదమ్మా," అన్నారాయన చివరికి, చాలా నిజాయితీగా.

"తెలుసండి," అంది అమ్మాజీ.

ఈలోగా పేట వైపు నుంచి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒకావిడ, సైకిలు మీద పాలక్యాన్లతో ఒకాయన, బళ్ళోకి వెళ్ళే పిల్లలు వచ్చి ఆగారు. వంతెన మనుషులు నడవడానికి కట్టిందే గాని అధికారులు నిలబడటానికి కట్టింది కాదు, వెడల్పు అంత లేదు. గడ్డిమోపు కింద మెడ బిగబట్టి నిలబడ్డ ఆవిడని చూసి అమ్మాజీ, "కొంచెం పక్కకి జరగండి సార్, వాళ్ళు వెళ్ళాలి" అంది.

పీడీగారు ఇటు చూశారు, అటు చూశారు. జాబితా మడిచి జేబులో పెట్టుకుని, ఏ మాటా అనకుండా పక్కకి జరిగారు.